మూడు రేట్లూ ఒకే ఇంటికి కావు

విశాఖ మర్రిపాలెం నుంచి ఒక టీచర్ గారు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 54, ప్రభుత్వ హైస్కూల్లో ఉద్యోగం. భర్త ప్రైవేటు కంపెనీలో రిటైరై రెండేళ్లయింది, పోయినేడు స్టెంటు వేశారు. 167 గజాల స్థలంలో 1994లో కట్టుకున్న 900 అడుగుల డాబా ఇల్లు వాళ్లది. బెంగళూరులో ఉన్న పెద్దబ్బాయి, కోడలు ఇంటి నుంచే పని చేసుకుంటూ ఇక్కడికి వచ్చేస్తామంటున్నారు. వాళ్ల కోసం పైన ఒక వాటా వేయాలి. మోకాళ్ల నొప్పులతో ఉన్న అత్తగారి కోసం కింద పోర్టికో మూసి గది చేయాలి. చేతిలో ఉన్నది భర్త ఎఫ్‌డీ 18 లక్షలు, ఈవిడ జీపీఎఫ్‌లోంచి తీసుకోగలిగినది 6 లక్షలు.

ముగ్గురు రేటు చెప్పారు. మొదటివాడు భర్తకి చిన్నాన్న కొడుకు, కాంట్రాక్టులు చేస్తాడు. మెటీరియల్‌తో కలిపి అడుగుకి 1,700, అంటే 15.3 లక్షలు, అడ్వాన్సు 5 లక్షలు. కాగితం రాసుకుందామంటే "మనలో మనకి కాగితాలేంటి వదినా" అన్నాడట. రెండో ఆయన గోపాలపట్నం కాంట్రాక్టరు. ఆరు పేజీల ఎస్టిమేట్ ఇచ్చాడు, మొత్తం 21.6 లక్షలు. మూడోవాడు పక్కింటి పని చేసిన మేస్త్రి. కూలి మాత్రమే అడుగుకి 420, సామాను మనదే. అత్తగారు, ఆడపడుచులు మరిదికే ఇమ్మంటున్నారు. భర్త ఏమీ తేల్చడం లేదు. శ్రావణంలో మొదలుపెట్టి సంక్రాంతికి గృహప్రవేశం చేయాలని అబ్బాయి ఆశ. "ఎవరికిస్తే డబ్బూ, బంధుత్వమూ రెండూ మిగులుతాయి?" అన్నది ఆవిడ ప్రశ్న. చివర్లో చిన్న అక్షరాలతో ఇంకో మాట: మరిది మొహమాటపెడితే ఇప్పటికే 50 వేలు టోకెన్ ఇచ్చేశారట.

టీచర్ గారూ,

మీరు అడిగింది ఎవరికివ్వాలని. దానికి వస్తాను. కానీ మీ రెండో పేజీ మధ్యలో ఒక వాక్యం ఉంది: "హుద్‌హుద్ తర్వాత పోర్టికో అంచున పెచ్చు ఊడి చువ్వ కనబడితే, సిమెంటు పూయించి రంగు వేయించేశాం." ఆ వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. 2014 అక్టోబర్ 12 నాటి ఆ తుపాను గాలికి విశాఖలో ఊడిపోయినవి చాలా ఉన్నాయి గానీ, స్లాబు పెచ్చు గాలికి ఊడదు. లోపల చువ్వ తుప్పు పట్టి ఉబ్బితే ఊడుతుంది. తుప్పు ఇనుము కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. ఆ చోటు కోసం కాంక్రీటుని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. పైన రంగు వేస్తే మనకి కనబడదు, అంతే. లోపల దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది.

ఈ ఆదివారం పొద్దున ఎండ ముదరకముందు ఒక చిన్న సుత్తి, ఒక స్క్రూడ్రైవర్ పట్టుకోండి. ముందు పోర్టికో కింద స్టూలు వేసుకుని స్లాబు అడుగుభాగాన్ని మెల్లగా కొట్టుకుంటూ పోండి. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, పెచ్చు విడిపోయినచోట డొల్లగా మోగుతుంది. తర్వాత మేడ మీదకి వెళ్లి, పై అంతస్తు కోసమని ముప్ఫై ఏళ్ల కిందట పిల్లర్ల మీద వదిలిన చువ్వల్ని చూడండి. మన ఊళ్లో ఏ డాబా మీద చూసినా ఇవే, బట్టలారేసే తాడు కట్టుకోవడానికి తప్ప దేనికీ వాడకుండా. స్క్రూడ్రైవర్‌తో గీకితే పొరలు పొరలుగా రాలుతుంటే, ఆ చువ్వకి కొత్త చువ్వ కట్టి పిల్లరు లేపడం కుదరదు. చెడిన మేరకి తీసేసి, కాంక్రీటుకి రంధ్రం వేసి కెమికల్‌తో కొత్త చువ్వ దించాలా, ఇంకేదైనా చేయాలా అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి. మీ మరిదీ చెప్పకూడదు, నేనూ చెప్పకూడదు.

"అప్పుడే పైకి కట్టుకునేలా పునాది తీశాం" అని మీవారు అంటున్నారు. నిజమే అయ్యుండొచ్చు. ఒక పిల్లరు పక్కన గొయ్యి తీయించి ఫుటింగు ఎంత ఉందో కొలిస్తే తెలిసిపోతుంది. ఇంజనీరు రిబౌండ్ హామర్‌తో కాంక్రీటు గట్టిదనం చూస్తారు, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క కోసి ల్యాబుకి పంపుతారు. ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ విభాగాల్లో కూడా ఇలాంటి టెస్టులు చేస్తారు. దీనికయ్యే ఖర్చు మీ 24 లక్షల ముందు చాలా చిన్నది. పైగా వచ్చే జవాబుని బట్టే మిగతా లెక్కంతా మారుతుంది. ఇల్లు బాగుందంటే ముందుకెళ్లండి. కొన్ని పిల్లర్లకి జాకెటింగ్ కావాలంటే, అంటే చుట్టూ కొత్త చువ్వలు కట్టి కాంక్రీటు పోయడం, ఆ డబ్బు పై వాటా బడ్జెట్‌లోంచే పోవాలి. మోయదంటే మాత్రం, ఎవరికివ్వాలన్న గొడవే లేదు.

మోస్తుందనే అనుకుని రేట్ల సంగతి చూద్దాం. మరిది చెప్పిన 15.3 లక్షలు, గోపాలపట్నం ఆయన చెప్పిన 21.6 లక్షలు పక్కపక్కన పెట్టి ఆరు లక్షలు తేడా అని బెంగపడుతున్నారు. అవి ఒకే ఇంటికి చెప్పిన రేట్లు కావు. ఆయన ఆరు పేజీల్లో మేడ మీదున్న ట్యాంకు దించి మళ్లీ పైకెక్కించడం, మెట్లు కొత్త డాబా దాకా పొడిగించడం, పిట్టగోడ, పైన వాటర్‌ప్రూఫింగ్, వైరింగు, కిటికీల గ్రిల్సు, బాత్రూం సామాను అన్నీ ఉన్నాయని మీరే రాశారు. మీ మరిది నోట వచ్చింది "అడుగుకి 1,700" అన్న రెండు ముక్కలు. అందులో ఏవున్నాయో ఆయనకీ తెలుసో లేదో. రేపు పని సగంలో ఉండగా "గ్రిల్సు మనం అనుకోలేదు కదా వదినా" అంటే, ఆయన మోసం చేసినట్టు కాదు, నిజంగానే అనుకోలేదు.

ఇంకో చిక్కుంది. అడుగులు ఎక్కడ కొలుస్తారు? మా పై వాటా వేసినప్పుడు నేను ఇది అడగలేదు. చివరి బిల్లులో కాంట్రాక్టరు కిటికీల మీది సజ్జలు కూడా పూర్తి అడుగులుగా కలిపి రాసుకొచ్చాడు. బాల్కనీ సగం రేటుకా, పూర్తి రేటుకా అన్నది కూడా అప్పుడే తెలిసింది, ఆయన అనుకున్నది పూర్తి అని. రెండు రోజులు మాటా మాటా అనుకుని చివరికి సగానికి సగం ఇచ్చుకున్నాను. కొలత గోడ బయటి అంచు నుంచా, సజ్జ, బాల్కనీ, మెట్లు లెక్కలోకి వస్తాయా రావా అన్నది ముందే రాసుకోవాలి.

కాబట్టి ఒక పని చేయండి. గోపాలపట్నం ఎస్టిమేట్‌లోంచి రేట్లు తీసేసి, పనుల జాబితా ఒక్కటే తెల్లకాగితం మీద ఎత్తి రాయండి. దాన్ని మరిదికి, మేస్త్రికి ఇచ్చి, ఒక్కో పని ఎదురుగా ఒక్కో అంకె వేయమనండి. అప్పుడు మూడూ ఒకే ఇంటికి వస్తాయి. మరిది అంకె 19 లక్షలకి చేరితే నాకేమీ ఆశ్చర్యం ఉండదు. 15.3 దగ్గరే ఉంటే మాత్రం రెండోసారి అడగండి, ఎక్కడ తగ్గించారని. కాంక్రీటు ఏ గ్రేడు అని కూడా అడగండి, ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది. చాలామంది మేస్త్రిలు అలవాటుగా కలిపే 1:2:4 పాలు (సిమెంటు, ఇసుక, పిక్క) ఎం15 దగ్గరే ఉంటుంది. మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం చువ్వ వేసే కాంక్రీటు ఎక్కడైనా కనీసం ఎం20 ఉండాలి, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ఎం30. చువ్వ మీద కవరు, అంటే చువ్వని కప్పే కాంక్రీటు మందం, కూడా అక్కడ 45 మిల్లీమీటర్లు అడుగుతుంది ఆ కోడ్. మీ వీధికి ఏది వర్తిస్తుందో ఇంజనీరు రాసిస్తారు. కవర్ బ్లాకుల బదులు చేతికి దొరికిన పిక్కముక్క చువ్వ కింద తోసేస్తే, ఇప్పుడు పోర్టికోకి వచ్చిన జబ్బే పైనా వస్తుంది.

ధరల గురించి ఒక చిన్న మాట. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత ఎస్టిమేట్ దులిపి తెచ్చినవాళ్లని ఆ తేడా అడగొచ్చు. ఇసుక ఉచితమే గానీ, మనకి శ్రీకాకుళం వైపు నుంచి రావాలి కాబట్టి మీరు ఎక్కువగా కట్టేది లారీ కిరాయి.

మేస్త్రికి కూలి కాంట్రాక్టు ఇస్తే 3.78 లక్షలే కదా, సామాను మనమే తెచ్చుకుంటే మిగులుతుందని మీవారు అంటున్నారట. మిగులుతుంది, రోజంతా దాని మీద నిలబడే మనిషి ఉంటే. చువ్వలు దింపించుకునేటప్పుడు లెక్కపెట్టుకోవాలి. 12 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకి 0.888 కిలోలు, 12 మీటర్ల నిలువు చువ్వ 10.66 కిలోలు. కాటా చీటీ మీద ఎంతున్నా చువ్వల సంఖ్యతో గుణిస్తే దొంగ దొరుకుతాడు. స్లాబు రోజున కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర నిలబడాలి. పని తేలికవ్వాలని కూలివాళ్లు ఇంకో బకెట్టు నీళ్లు పోస్తుంటారు, ఆ బకెట్టు బలాన్ని తినేస్తుంది. మీ బోరు నీళ్లు నాలిక మీద ఉప్పగా ఉంటే టాంకర్ పిలిపించాలి. తర్వాత వారం పది రోజులు మళ్లు కట్టి నీళ్లు నిలబెట్టాలి. మీరు ఎనిమిదిన్నరకల్లా బడికి వెళ్తారు. స్టెంటు వేసుకున్న మనిషి ఎండలో లారీవాడితో కాటా గురించి గొడవపడాలి. మిగిలే డబ్బు కంటే నాకు ఇదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. అబ్బాయి ఆ నాలుగు నెలలు సెలవు మీదో, ల్యాప్‌టాప్ పట్టుకునో ఇక్కడికి వచ్చి దగ్గరుండి చూసుకుంటానంటే అది వేరే మాట. ఇల్లు అతని కోసమే కదా, అడగండి.

ఇక డబ్బు. మీ దగ్గర 24 లక్షలున్నాయంటే కట్టడానికి 24 ఉన్నట్టు కాదు. ఎఫ్‌డీలో 4 లక్షలు ఆయన ఆరోగ్యానికని కదపకండి. మిగిలిన 20లో 3 లక్షలు అనుకోని ఖర్చులకి. పాత ఇంటి మీద కడుతున్నప్పుడు అనుకోనివి తప్పకుండా వస్తాయి. అంటే మీరు ఒప్పందం రాసుకోగలిగేది 17 లక్షలకి. గోపాలపట్నం ఆయన లెక్క అడుగుకి 2,400 పడింది. ఆ లెక్కన 900 అడుగులు మీ వల్ల కాదు. 600 అడుగులైతే అవుతుంది. చిన్నది కడితే అడుగు రేటు కొంచెం పెరుగుతుంది, ఎందుకంటే మెట్లూ బాత్రూమూ చిన్నవి కావు. అడుగుకి 2,600 వేసుకున్నా 15.6 లక్షలు. ఒక హాలు, రెండు చిన్న గదులు, వంటిల్లు, బాత్రూం, మిగతాది ఆరుబయలు. ఇద్దరికి చాలదా? గోడలు కింద పిల్లర్లు, బీముల మీదికి వచ్చేలా ప్లాను గీయించాలి, అదొక్కటే షరతు.

లేదూ 900 అడుగులూ కావాల్సిందే అంటే రెండు దారులు. స్లాబు మొత్తం వేసి, సగం మాత్రం పూర్తిచేసి మిగతా సగం ఇటుక గోడలతో వదిలేయడం. దీంతో ఇంట్లో ఏళ్ల తరబడి సిమెంటు దుమ్ము. లేదా బ్యాంకు లోను. మీకు 62 దాకా సర్వీసుంది, ఎనిమిదేళ్ల జీతం చూసి ఇస్తారు. కానీ ఈ.ఎం.ఐ. ఎవరు కడతారన్నది కోడలి ముందే తేల్చుకోవాలి, ఆ మాట అబ్బాయితో మీరు చాటుగా మాట్లాడి ఊరుకుంటే రేపు అది వేరే ఉత్తరం అవుతుంది. పైన షీట్లతో తేలికగా వేసేద్దాం అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. ఏప్రిల్‌లో పగలంతా మీటింగులుండే పిల్లలు ఆ షీట్ల కింద కూర్చోలేరు. తుపానుకి ఏం మిగిలిందో మీ వీధిలోనే చూశారు.

కట్టకపోవడం కూడా ఒక దారే. ఏడు శాతం వడ్డీ అనుకుంటే 24 లక్షల మీద ఏడాదికి 1.68 లక్షలు వస్తుంది, నెలకి 14 వేలు. మీ వీధి చివర ఆ అద్దెకి ఒక వాటా దొరికితే అసలు కదలకుండా పిల్లలు పక్కనే ఉంటారు. అద్దె ఏటా పెరుగుతుంది, ఇల్లు మనది కాదన్న వెలితి ఉంటుంది, నిజమే. కానీ మీరే రాశారు, "కంపెనీవాళ్లు మళ్లీ ఆఫీసుకి రమ్మంటారేమో" అని. ఒక ఏడాది అలా ఉండి చూశాక కట్టినా ఇల్లు ఎక్కడికీ పోదు. కట్టేదే ఖాయమైతే పై వాటాకి దారి, కరెంటు మీటరు విడిగా పెట్టించండి. పిల్లలు వెళ్లిపోయినా అద్దెకిచ్చుకోవచ్చు.

పోర్టికో గది నాకు నచ్చలేదు, దాచడం ఎందుకు. ఆ స్లాబు బాగోలేదని ఇప్పుడే చెప్పుకున్నాం. నేల వాన నీళ్లు పోవడానికి బయటికి వాలుగా, ఇంటి కంటే ఒక మెట్టు కిందికి ఉంటుంది. అది మూస్తే హాలుకి వెలుతురు పోతుంది. ముందు వదలాల్సిన సెట్‌బ్యాక్‌లో ఉంటే పర్మిషనూ రాదు. పెద్దావిడకి గది కంటే ముందు బాత్రూం దగ్గరుండాలి, పోర్టికోలో అది పెట్టడం ఇంకో తలనొప్పి. కింద వెనకగదిలో ఇప్పుడు పడుకునేది మీరిద్దరే కదా. ఆవిడకి అది ఇచ్చేసి, దాని బాత్రూంలో గోడకి పట్టుకునే రాడ్లు బిగించి, జారని టైల్సు వేయించండి. మీరు ముందు గదిలోకి మారండి. అసలు ఆవిడని ఎవరైనా అడిగారా? వీధివైపు గదిలో స్కూటర్ల చప్పుడుకి నిద్ర పడుతుందో లేదో.

పర్మిషన్ గురించి "తర్వాత బీపీఎస్ వస్తుంది, కట్టేద్దాం" అని మరిది అన్నాడట. బీపీఎస్ అంటే పర్మిషన్ లేని కట్టడాన్ని జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే స్కీము. అలాంటివి వచ్చిన మాట నిజమే. కానీ అవి ఒక తేదీ పెట్టి, అప్పటికే కట్టేసిన వాటికి వస్తాయి. రాబోయే స్కీము తేదీ మీకు సరిపోతుందని ఎవరు రాసిచ్చారు? 1994 నాటి ప్లాను కాగితం బీరువాలోంచి తీసి, లైసెన్సున్న టెక్నికల్ పర్సన్ ద్వారా విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీకి ఆన్‌లైన్‌లో పెట్టించండి. మీ మేడకి కరెంటు తీగలు దగ్గరగా ఉన్నాయన్నారు, గోడ నుంచి పక్కకి కనీసం 1.2 మీటర్ల ఎడం ఉండాలి. లేకపోతే సెంట్రింగ్ మొదలవకముందే కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్‌కి అర్జీ పెట్టండి. అక్కడ చువ్వలు పైకి అందించే కుర్రాళ్ల ప్రాణాల మీదికొస్తుంది.

శ్రావణంలో మొదలుపెడితే స్లాబు సరిగ్గా అక్టోబరులో పడుతుంది. అక్టోబరు అంటే ఏమిటో మనకి చెప్పక్కర్లేదు. ఇక సంక్రాంతికి పది రోజుల ముందే శ్రీకాకుళం, విజయనగరం వైపు కూలీలు ఊళ్లకి వెళ్లిపోతారు, మళ్లీ వచ్చేది ఎప్పుడో వాళ్ల దయ. ఈ వానల్లో ఇంజనీరు, ప్లాను, పర్మిషన్ పనులు చూసుకుని, సంక్రాంతి వెళ్లాక మాఘంలో మొదలుపెడితే స్లాబు పొడి రోజుల్లో పడుతుంది, వచ్చే వానలకి పైన మూసుకుంటుంది. అబ్బాయికి ఆరు నెలలు ఆలస్యం. ఆ ఆరు నెలలు అద్దెకుండి చూస్తే, ఇందాక చెప్పిన అద్దె పరీక్షలో సగం కూడా అయిపోతుంది.

ఇక మరిది. ఇవ్వొద్దని నేను అనను. బంధువుకిస్తే రాత్రి పదింటికి ఫోన్ చేసినా ఎత్తుతాడు. కాకపోతే పని బాగోలేదని చెప్పాల్సి వచ్చినప్పుడు మీ నోరు రాదు, ఆయన తప్పు సరిదిద్దించుకోవడానికి మీ ఆడపడుచుల మధ్యవర్తిత్వం కావాలి. కాగితం ఉంటే ఆ గొడవ కాగితం మీద పోతుంది. ఈ మాట మీరు కాదు, మీవారు చెప్పాలి. తమ్ముడితో అన్న చెప్పే మాట ఇది: "జీపీఎఫ్ డబ్బు తీస్తున్నాం, మీ వదిన ఆఫీసులో కాగితాలు అడుగుతారు, బ్యాంకువాళ్లూ అడుగుతారు." తప్పంతా ఆఫీసు మీద, బ్యాంకు మీద తోసేయండి, వాళ్లకి అలవాటే.

5 లక్షల అడ్వాన్సు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, ఆయనకీ, గోపాలపట్నం ఆయనకీ. పదిశాతం చాలు. తర్వాత పిల్లర్లు లేచాక కొంత, స్లాబు పోశాక కొంత, గోడలు, పూత, టైల్సు, ఇలా అయిన పనికే డబ్బు. చివరి అయిదు శాతం ఒక వానాకాలం గడిచి, పైన చెమ్మ దిగలేదని చూసుకున్నాక. దీనికి నవ్వుతూ ఒప్పుకునేవాడికే పని ఇవ్వండి. చుట్టమా కాదా అన్నది తర్వాత.

ఆ 50 వేలు వెనక్కి అడగలేక నిద్రపట్టడం లేదని రాశారు. అడగక్కర్లేదు. పై వాటా ఎవరు కట్టినా కట్టకపోయినా పోర్టికో స్లాబు బాగుచేయాల్సిందే. ఇంజనీరు రాసిచ్చిన ప్రకారం డొల్ల పెచ్చులన్నీ దులిపి, చువ్వ తెల్లగా మెరిసేదాకా బ్రష్‌తో రుద్ది, తుప్పు పట్టని పూత వేసి, పాలిమర్ మోర్టార్‌తో పూడ్చే పని ఇది, వారం పది రోజులు పడుతుంది. ఆ టోకెన్ కింద ఈ పని మీ మరిదికే ఇవ్వండి. చువ్వ రుద్దకుండా సిమెంటు పూసేస్తాడో, రుద్దాక మిమ్మల్ని పిలిచి చూపిస్తాడో స్టూలు వేసుకుని చూడండి.